నారుకు కంపోస్ట్ ఇంటి దగ్గరే: సంక్రాంతి కుప్ప నుంచి మృగశిర నారు దాకా

వంగ నారు నేనే పోసుకుందామని ఉబలాటపడిన మొదటి ఏడు, పశువుల పాక వెనక దిబ్బ నుంచి రెండు తట్టల ఎరువు తెచ్చి, మట్టిలో సగానికి సగం కలిపి కుండీలు నింపాను. గింజలు మొలిచాయి. మొలకలు చూసి మురిసిపోయాను కూడా. వారం తిరిగేసరికి ఆకుల అంచులు మాడాయి. ఆ తర్వాత కాడలు మొదట్లో దారంలా సన్నబడి ఒక్కొక్కటే పక్కకు ఒరిగిపోయాయి. అత్తయ్యగారు వచ్చి కుండీలోంచి గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, "అన్నప్రాసన నాడే ఆవకాయ పెట్టేశావమ్మా" అన్నారు.

నేను రాసేదంతా ఆ మాట చుట్టూనే. పొలానికి వేసే ఎరువు వేరు, నారుకు వాడే కంపోస్ట్ వేరు. నారు కంపోస్ట్‌కు బలం కన్నా వయసు ముఖ్యం. బాగా మాగి, వేడి పూర్తిగా తగ్గి, ఉప్పు తక్కువగా ఉండి, టీ పొడిలా రాలాలి.

ఎందుకంటే మొదటి రోజుల తిండి గింజలోనే ఉంటుంది. అప్పుడు దానికి కావలసింది తడి, గాలి, వేరు సులువుగా దిగే మెత్తదనం. సగం కుళ్ళిన ఎరువులో సూక్ష్మజీవులు ఇంకా పనిలో ఉంటాయి. వేరుకు అందాల్సిన ప్రాణవాయువును, నత్రజనిని అవే లాగేసుకుంటాయి. పైగా అమ్మోనియా, సేంద్రియ ఆమ్లాలు వదులుతాయి. పెద్ద మొక్క తట్టుకుంటుంది, వెంట్రుకంత వేరు తట్టుకోలేదు.

మన నేలతో చిక్కు

గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు నేల వరికి బంగారమే. అదే మట్టిని పేపర్ కప్పులో నింపి రెండు రోజులు నీళ్లు మర్చిపోండి, బెడ్డ కట్టి కప్పు అంచుల నుంచి విడిపోతుంది. పైన పోసిన నీళ్లు ఆ సందులోంచి కిందికి జారిపోతాయి, మధ్యలో ఉన్న వేరు మాత్రం ఎండిపోతుంది. గోదావరి నడుమ తేలే లంక భూముల మట్టి నయం, అందులో ఇసుక పాలు ఎక్కువ. మీకు దగ్గరలో లంక ఉంటే రెండు గోనె సంచులు తెచ్చి దాచుకోండి, తర్వాత పనికొస్తుంది.

రెండో చిక్కు నీరు. చాలా పుస్తకాల్లో గొయ్యి తవ్వి కంపోస్ట్ చేయమంటారు. కోనసీమలో వానాకాలం గొయ్యి తవ్వితే ఊట నీళ్లే కనిపిస్తాయి. నీళ్లు నిలిచిన గోతిలో ఎరువు మాగదు, మురుగుతుంది. 1924 నుంచి 1931 దాకా ఇండోర్‌లో పనిచేసిన ఆల్బర్ట్ హోవార్డ్ రూపొందించిన ఇండోర్ పద్ధతిలో కూడా ఎండాకాలానికి గొయ్యి, వానాకాలానికి నేల మీద కుప్ప అని ఉంది. మనకు ఏడాది పొడుగునా నేల మీద కుప్పే మేలు.

సముద్రం దగ్గరి ఊళ్ల వాళ్లకు మూడో చిక్కు, ఉప్పు. రొయ్యల చెరువు అడుగు మట్టి నల్లగా, నిగనిగలాడుతూ చూడటానికి బ్రహ్మాండంగా ఉంటుంది. అది నారుకు అస్సలు వద్దు. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే కుప్పకు వాడినా, నారుకు మాత్రం కాలువ నీళ్లో, పట్టి ఉంచుకున్న వాన నీళ్లో పోయండి.

ఎప్పుడు మొదలుపెట్టాలి

వెనక నుంచి లెక్క వేసుకుంటే సులువు. మృగశిర కార్తె జూన్ 8 ప్రాంతంలో వస్తుంది. అప్పటికి వంగ, మిరప, టమాటా నారు పోయాలంటే మే నెలాఖరుకు కంపోస్ట్ సిద్ధంగా ఉండాలి. కుప్ప వేసినప్పటి నుంచి పూర్తిగా మాగడానికి నాలుగు నెలలు. అంటే సంక్రాంతి పిండివంటల డబ్బాలు ఖాళీ అయ్యే వేళకు పని మొదలవ్వాలి. సార్వా (వానాకాలం వరి) కోత అయిపోయి గడ్డి అందుబాటులో ఉంటుంది, చలికాలం చివర కాబట్టి కుప్ప తడి త్వరగా ఆరిపోదు. ఒక్క విన్నపం: పెరట్లో ఊడ్చిన ఆకులన్నీ భోగి మంటలో వేసేయకండి, నాలుగు గంపలు పక్కన పెట్టండి.

దాళ్వా (రెండో పంట వరి) గడ్డితో ఏప్రిల్ నెలాఖరున ఇంకో కుప్ప వేస్తే సెప్టెంబర్ నారుకు అందుతుంది. దాళ్వాలో మెషిన్‌తో కోసిన గడ్డి ముక్కలు ముక్కలుగా పడుతుంది, నరికే శ్రమ తప్పుతుంది. చాలామంది దాన్ని చేలోనే తగలబెట్టేస్తారు. అడిగితే ఎవరైనా ఇస్తారు, కాకపోతే మోసుకోవడం మన పని. కాలువలు కట్టేసే రోజులు కాబట్టి నీళ్లు ఎక్కడి నుంచి తేవాలో ముందే చూసుకోండి. ఆ కుప్పకు వానల గండం కూడా ఉంటుంది.

ఏం వేయాలి, ఏం వేయకూడదు

కుప్పలోకి వెళ్లేవి రెండు జాతులు. ఎండువి కర్బనం ఇస్తాయి, పచ్చివి, పేడ నత్రజని ఇస్తాయి. మొత్తం కలిపితే కర్బనం–నత్రజని నిష్పత్తి 25 లేదా 30కి 1గా ఉంటే కుప్ప చక్కగా వేడెక్కుతుంది. ఒక్క వరిగడ్డిలోనే అది 70, 80 దాకా ఉంటుంది, అందుకే వట్టి గడ్డి కుప్ప ఏడాదైనా గడ్డిలాగే ఉంటుంది. పేడలో 20 చుట్టుపక్కల ఉంటుంది. ఈ లెక్కలతో టెన్షన్ పడక్కర్లేదు. నేను తట్టలతో కొలుస్తాను: ఎండువి మూడు తట్టలు, పచ్చివి రెండు, పేడ ఒకటి.

ఎండు వాటిలో వరిగడ్డి, రాలిన ఆకులు, ఎండిన అరటాకులు మంచివి. కొబ్బరి మట్టలు వద్దు. ఈనెలు తీసేసిన కొబ్బరాకు మాత్రం చిన్నగా నరికితే నెమ్మదిగా మాగుతుంది. పచ్చి వాటిలో గ్లైరిసిడియా అనే పచ్చిరొట్ట చెట్టు కొమ్మలు, మునగాకు, కూరగాయల తొక్కలు, గట్ల మీద గడ్డి.

మన దగ్గర దండిగా దొరికే రెండు సరుకుల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి.

ఒకటి గుర్రపుడెక్క. కాలువలూ డ్రెయిన్లూ నిండా ఉంటుంది, తీసేస్తే ఊరు సంతోషిస్తుంది. తొందరగా మాగుతుంది. అయితే అందులో నూటికి తొంభై పాళ్లు నీళ్లే. తీసినది తీసినట్టు వేస్తే కుప్ప అడుగు నుంచి నల్లటి రసం కారి కంపు కొడుతుంది. వేళ్లు కోసేసి, గట్టు మీద మూడు రోజులు వాడ్చి, అప్పుడు ముక్కలు చేసి వేయండి. ఊదారంగు పువ్వు రాకముందే తీయండి. ఫ్యాక్టరీ నీళ్లు కలిసే డ్రెయిన్‌లో పెరిగినది మాత్రం ముట్టుకోవద్దు. నీళ్లలోని విషలోహాలను పీల్చుకోవడంలో దానికి సాటి లేదు.

రెండోది అరటి బోదె. గెల కోసిన తోటలో బోదెలు ఎవరికీ అక్కర్లేదు, రావులపాలెం చుట్టుపక్కల అయితే మరీను. ఇందులో పొటాష్ బాగా ఉంటుంది. పలచగా చక్రాల్లా కోసి ఒక రోజు ఎండలో పడేసి వేయాలి. లావు ముక్కలు వేస్తే మూడు నెలల తర్వాత కూడా అవి నార చుట్టలుగా బయటపడతాయి.

పేడ ఆవుదైనా గేదెదైనా ఒకటే. అనపర్తి వైపు కోళ్ల ఫారాల నుంచి వచ్చే ఎరువు చాలా ఘాటు. కుప్ప వేడెక్కడానికి ఒక్క చిన్న తట్ట చాలు. నారు మిశ్రమంలో నేరుగా కలపడం మాత్రం ఎప్పుడూ వద్దు.

వేయకూడనివి: మిగిలిన అన్నం, కూరలు, చేప పొలుసు (కుక్కలు కుప్పంతా తవ్విపోస్తాయి, అది కొబ్బరి చెట్టు దగ్గర లోతుగా పాతేయండి), తెగులుతో చచ్చిన టమాటా, వంగ మొక్కలు, గింజ పట్టిన వయ్యారిభామ. అన్నిటికన్నా ముఖ్యంగా తుంగ. తుంగ గడ్డ కుప్ప అంచున ఎక్కడో చల్లగా కూర్చుని బతికి, మీ మిరప నారు మధ్యలోంచి సూదిలా లేస్తుంది. నేను ఒకసారి పడ్డాను, ఇంక చాలు.

కుప్ప వేయడం

పెరట్లో ఎత్తుగా ఉన్న చోటు చూడండి. సగం నీడ ఉంటే మంచిది. కొబ్బరి చెట్టు మొదట్లో అనుకుంటారు చాలామంది. అక్కడ వద్దు, ఎందుకో కింద చెబుతాను.

నేల మీద కొబ్బరి మట్టలు అడ్డంగా, వాటి మీద నిలువుగా పరవండి. ఇది కుప్పలోకి వెళ్లే సరుకు కాదు, కింద గాలి ఆడటానికి మంచం లాంటిది. దాని మీద నాలుగు అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పున పొరలు వేయాలి. మూడు అడుగుల కన్నా చిన్న కుప్ప వేడిని పట్టుకోలేదు. ఐదు దాటితే నడుమకు గాలి అందదు.

వరిగడ్డిని ముందురోజు రాత్రే నానబెట్టాలి. చాలామంది ఇక్కడే తప్పుతారు. ఎండుగడ్డి మీద నీళ్లు చల్లితే పైనుంచి జారిపోతాయి, లోపల పొడిగానే ఉంటుంది. జానెడు జానెడు ముక్కలుగా నరికి తొట్టెలో ముంచి, తెల్లారి నీళ్లు ఓడ్చి వాడండి.

జానెడు మందాన తడి గడ్డి, దాని మీద నాలుగు వేళ్ల మందాన పచ్చివి, దాని మీద పేడ నీళ్లు. ఒక బకెట్ పేడను మూడు బకెట్ల నీళ్లలో కలిపితే సరిపోతుంది. పైన గుప్పెడు పాత ఎరువు, లేకపోతే చెట్టు కింది మట్టి చల్లండి. ఇది తోడు వేయడం లాంటిదే. నాలుగు అడుగుల ఎత్తు వచ్చేదాకా ఇవే పొరలు. తొక్కకండి. పిల్లలకు ఎక్కి గెంతాలని ఉంటుంది, ఎక్కనివ్వకండి, గాలి పోతుంది.

పొరలు వేస్తున్నప్పుడే నడుమ రెండు వెదురు బొంగులు నిలబెట్టి, అయ్యాక లాగేస్తే గాలి గొట్టాలు మిగులుతాయి. పైన కొబ్బరాకు తడికె కప్పండి. వానాకాలం అయితే తడికె మీద టార్పాలిన్ వేసి, పక్కలు తెరిచి ఉంచండి. చుట్టూ పారతో చిన్న కాలువ తీస్తే వాన నీళ్లు అడుగుకు పోవు.

తడి ఎంత ఉండాలి? గుప్పెడు తీసి గట్టిగా పిండండి. వేళ్ల సందుల్లో ఒకటి రెండు చుక్కలు కనిపిస్తే సరి. ధార కారితే ఎక్కువ. అరచెయ్యి తడవకపోతే తక్కువ.

తిరగేయడం

మూడో రోజున ఒక ఇనప చువ్వను కుప్ప నడుమ దాకా గుచ్చి పది నిమిషాలు ఉంచి తీయండి. పట్టుకోలేనంత కాలుతుంటే కుప్ప బతికి ఉన్నట్టు. లోపల 55 నుంచి 65 డిగ్రీలు ఉంటుంది. 55 డిగ్రీలు మూడు రోజులు నిలిస్తే చాలా కలుపు గింజలు, తెగులు శిలీంధ్రాలు చస్తాయి. అయితే ఆ వేడి నడుమ మాత్రమే ఉంటుంది. అంచుల్లో ఉన్నది నడుమకు, నడుమది అంచులకు వచ్చేలా తిరగేస్తేనే అంతా కాలుతుంది.

ఎనిమిదో రోజు మొదటిసారి, పదిహేనో రోజు, ఇరవై ఐదో రోజు, నలభైయ్యో రోజు. నేను క్యాలెండర్ మీద పెన్నుతో గీసుకుంటాను, లేకపోతే మర్చిపోతాను. తిరగేసిన ప్రతిసారీ పిండి చూసి, తడి తగ్గితే పేడ నీళ్లు చల్లండి. మొదటిసారి తెరిచినప్పుడు ఆవిరి మొహానికి కొడుతుంది. నడుమ గడ్డి మీద బూడిద చల్లినట్టు తెల్లగా కనిపిస్తుంది. పాడైందనుకుని కంగారు పడకండి, అది వేడిలో పెరిగే సూక్ష్మజీవుల పొర. మరీ ఎక్కువగా ఉండి గడ్డి చేతిలో పొడిపొడిగా విరుగుతుంటే మాత్రం తడి తగ్గిందని అర్థం.

ముక్కు చెప్పినట్టు వినండి. కళ్లు మండే అమ్మోనియా వాసన వస్తే పచ్చివి, పేడ ఎక్కువయ్యాయి, ఎండాకులు కలపండి. మురుగు కంపు వస్తే నీళ్లు ఎక్కువై గాలి ఆడటం లేదు, వెంటనే తిరగేసి పొడి గడ్డి కలపండి. ఏ వాసనా లేకుండా, వేడీ లేకుండా ఉంటే కుప్ప చిన్నదైనా అయి ఉండాలి, ఎండిపోయైనా ఉండాలి.

కొమ్ము పురుగు

కొబ్బరి చెట్టు మొదట్లో కుప్ప వద్దన్నది ఇందుకే. కొబ్బరి మొవ్వును తొలిచి, ఆకు విచ్చుకున్నాక కత్తెరతో కత్తిరించినట్టు కనిపించేలా చేసే కొమ్ము పురుగు గుడ్లు పెట్టేది పెంటకుప్పల్లోనే. రెండో ఏడు నా కుప్పను బద్ధకించి రెండు నెలలు కదపలేదు. తర్వాత పార వేస్తే, బొటనవేలంత లావు తెల్లటి పురుగు ఒకటి బయటకు దొర్లింది. తల ఎర్రగోధుమ రంగు, ఒళ్లు కొడవలిలా వంపు తిరిగి, తోక వైపు చర్మం కింద నల్లగా తిన్న ఎరువు కనిపిస్తోంది. ఇంకో పార వేస్తే ఇంకో మూడు. ఆ మధ్యాహ్నం లెక్కపెట్టాను, నలభై రెండు. పక్కింటి పిన్నిగారి కోళ్లు ఆ రోజు మా పెరడు వదల్లేదు.

కుప్ప వేడిగా ఉన్నన్నాళ్లూ ఇది చేరదు. చల్లబడ్డాక చేరుతుంది. అందుకే నలభైయ్యో రోజు తర్వాత కూడా నెలకొకసారి కదపాలి, పైన దోమతెర కప్పినా మంచిదే. పురుగులు మరీ ఎక్కువగా ఉంటే మెటారైజియం అనే పచ్చ బూజును కుప్పలో కలుపుతారు. ఆ బూజు పురుగు ఒంటి మీద పెరిగి చంపుతుంది, మొక్కకు హాని లేదు. వానపాములు కనిపిస్తే మాత్రం సంతోషించండి, వాటంతట అవి వచ్చాయంటే కుప్ప చల్లబడి మాగుతోందని గుర్తు.

మాగబెట్టడం, పరీక్ష

రెండు నెలలకు కుప్ప సగం కన్నా కిందికి దిగి, నల్లగా, మట్టి వాసనతో ఉంటుంది. ఇక్కడే తొందరపడతాం. కొబ్బరి పాదులకు, అరటికి ఇప్పుడే వేసుకోవచ్చు. నారుకు ఇంకో రెండు నెలలు ఆగాలి. ఈ రెండు నెలలూ చేసే పని పెద్దగా లేదు, తడి ఆరకుండా చూడటం, నెలకోసారి కదపడం, అంతే.

అయ్యిందో లేదో తెలుసుకోవడానికి రెండు పరీక్షలు చేస్తాను.

మొదటిది కవరు పరీక్ష. రెండు గుప్పెళ్ల తడి కంపోస్ట్‌ను ప్లాస్టిక్ కవరులో వేసి, గాలి తీసి, మూతి గట్టిగా కట్టి, మూడు రోజులు నీడలో ఉంచండి. విప్పి వాసన చూడండి. తొలకరి మట్టి వాసన వస్తే మాగింది. పుల్లగా, మురుగ్గా వస్తే ఇంకా పచ్చి.

రెండోది ఆవాల పరీక్ష. ఒక గిన్నెలో కడిగిన ఇసుక, ఇంకో గిన్నెలో జల్లించిన కంపోస్ట్. ఒక్కోదాంట్లో ఇరవై ఆవాలు. ఐదో రోజు లెక్కపెట్టండి. ఇసుకలో పద్దెనిమిది మొలిచి కంపోస్ట్‌లో పన్నెండే మొలిస్తే ఇంకో మూడు వారాలు ఆగి మళ్లీ చేయండి. లెక్కతో పాటు ఒక మొలకను మెల్లగా పీకి వేరు కొన చూడండి. తెల్లగా, సన్నటి నూగుతో ఉండాలి, గోధుమ రంగు తిరిగితే అనుమానించాలి. పెసలతో ఈ పరీక్ష చేయకండి. పెసలు మొండివి, దేంట్లోనైనా మొలుస్తాయి.

జల్లించడం

తడిగా ఉంటే జల్లెడ పూడుకుపోతుంది. తడికె మీద నీడలో ఒక రోజు ఆరబోసి, చేత్తో నలిపితే రాలేలా ఉన్నప్పుడు జల్లించాలి. పావు అంగుళం కన్ను ఉన్న జాలీని చెక్క ఫ్రేముకు కొట్టించుకుంటే పదేళ్లు వస్తుంది. గింజల మీద పలచగా కప్పడానికి మాత్రం ఇల్లు కట్టేవాళ్లు ప్లాస్టరింగ్ ఇసుక జల్లించే సన్న జల్లెడ వాడండి. నాలుగు అడుగుల కుప్ప జల్లించాక నాకు ఐదారు గోనె సంచులు వస్తుంది. ఇంటి నారుకు అందులో రెండు సంచులు చాలు, మిగతాది పాదులకు.

కంపోస్ట్ ఒక్కటే చాలదు

ఎంత మాగినా వట్టి కంపోస్ట్‌లో నారు పోయను. బరువుగా కుదించుకుపోతుంది, ఇంకా కొంత ఉప్పు ఉంటుంది. తేలిక చేసేవి రెండు కలపాలి.

కొబ్బరి పొట్టు మనకు దొరికినంత తేలిగ్గా ఇంకెవరికీ దొరకదు. చల్లటి దేశాల్లో దీని బదులు బురద నేలల నుంచి తవ్వి తీసిన పీట్ వాడతారు, ఇప్పుడు వాళ్లలోనూ చాలామంది కొబ్బరి పొట్టు కొంటున్నారు. పీచు తీసే యూనిట్ల దగ్గర ఎర్రగా ఉన్న తాజా పొట్టులో టానిన్లు అనే వగరు పదార్థాలు, ఉప్పు ఉంటాయి. గోనె సంచిలో నింపి, నీళ్లలో రాత్రంతా నానబెట్టి పిండేయాలి. మొదటి నీళ్లు చిక్కటి టీ డికాక్షన్‌లా ఉంటాయి. మూడో నాలుగో సారికి లేత రంగుకు వస్తాయి, అప్పుడు చాలు. ఒక వానాకాలమంతా తడిసి నల్లబడిన పాత పొట్టు దొరికితే ఒక్కసారి కడిగితే సరిపోతుంది. కొట్లో అమ్మే 5 కిలోల ఇటుక నానితే 60, 70 లీటర్లు అవుతుంది, అయినా ఒకసారి కడగండి.

రెండోది నల్ల ఊక. రైస్ మిల్లు ఊకను బూడిద కాకుండా బొగ్గు దశలోనే ఆపాలి. చిల్లులు పొడిచిన పాత నూనె డబ్బాను బోర్లించి, లోపల నిప్పు పెట్టి, చుట్టూ ఊక పోయండి. పొగ పోవడానికి డబ్బా నెత్తిన కన్నం ఉండాలి. లోపలి నుంచి బయటికి నల్లబడుతూ వస్తుంది. పైన కూడా నల్ల మచ్చలు రాగానే కలియబెట్టి నీళ్లు కుమ్మరించాలి. ఐదు నిమిషాలు ఏమరితే తెల్లబూడిదే మిగులుతుంది. ఆ బూడిద క్షార గుణం ఉన్నది, నారులో ఎక్కువైతే ఆకులు పాలిపోతాయి. మిల్లుల దగ్గర, ఇటుక బట్టీల దగ్గర ఊరికే ఇచ్చే బూడిద కూడా అంతే, తట్టకు గుప్పెడు మించొద్దు. నల్ల ఊకను వాడేముందు ఒకసారి కడగండి. కుదరకపోతే కడిగిన గోదావరి ముతక ఇసుక వేసుకోవచ్చు, కప్పు బరువెక్కుతుంది, అంతే తేడా.

పాళ్లు ఇవి. గింజలు పోయడానికి కంపోస్ట్ రెండు తట్టలు, కొబ్బరి పొట్టు రెండు, నల్ల ఊక ఒకటి. మొలక ఆకుల తర్వాత రెండు నిజమైన ఆకులు వచ్చాక కప్పుల్లోకి మార్చేటప్పుడు కంపోస్ట్ రెండు, లంక మట్టి ఒకటి, కొబ్బరి పొట్టు ఒకటి.

నారు కుళ్ళుకు ముందు జాగ్రత్త

కాడ మొదట్లో సన్నబడి ఒరిగిపోవడం నారు కుళ్ళు తెగులు. పితియం లాంటి బూజు జాతి సూక్ష్మజీవులు చేసే పని. తడి ఎక్కువై, మొలకలు ఒత్తుగా ఉంటే రాత్రికి రాత్రే మడి సగం పోతుంది.

మే ఎండను వాడుకోండి. కలిపిన మిశ్రమాన్ని తడిపి, సిమెంటు గచ్చు మీద అరడుగు మందాన పరిచి, పైన పారదర్శకమైన పాలిథిన్ షీటు కప్పి, అంచులు మట్టితో మూసేయండి. ఇది నాలుగు వారాల పని, కాబట్టి మృగశిర నారుకు చేయాలనుకుంటే కుప్పను ఆ మేరకు ముందే వేసుకోండి. నల్ల షీటు వద్దు, ఎండ దాన్నే వేడి చేస్తుంది గానీ కింది మిశ్రమాన్ని అంతగా కాదు.

చల్లారాక ట్రైకోడెర్మా విరిడి కలపాలి, ఇది తెగులు బూజులను అణిచే మేలైన శిలీంధ్రం. కోనసీమ కొబ్బరి రైతులకు ఇది కొత్త కాదు, కొబ్బరికి వచ్చే గానోడెర్మా తెగులుకు పాదుల్లో వేసేది ఇదే. పెద్ద ఎత్తున అయితే 90 కిలోల మాగిన పశువుల ఎరువుకు 10 కిలోల వేప పిండి, 2 కిలోల ట్రైకోడెర్మా కలిపి, తడిపి, నీడలో పది పదిహేను రోజులు గోనె కప్పి పెంచుతారు. ఇంటికి అందులో పదో వంతు చాలు. ఇలా పెరిగినది గింజ మిశ్రమంలో తట్టకు రెండు గుప్పెళ్లు కలపండి. ట్రైకోడెర్మా వేశాక ఎండబెట్టినా, షీటు కప్పినా అదీ చచ్చిపోతుంది, కాబట్టి వరుస మారకూడదు.

ఎండ పెట్టే టైం లేకపోతే ట్రేలో మిశ్రమం నింపాక మరిగే నీళ్లు అంతటా పోసి, పూర్తిగా చల్లారాక గింజలు వేయండి. పది కప్పులకు ఫర్వాలేదు, వంద కప్పులకైతే గ్యాస్ ఖర్చు మీ ఇష్టం.

గింజ పడ్డాక

మిశ్రమాన్ని ముందే తడిపి నింపండి, వేలితో గట్టిగా నొక్కకండి. గింజ మందానికి రెండింతల లోతు, పైన సన్న జల్లెడ పొడి. నీళ్లు పొద్దున పూటే, పూల క్యాన్‌తో. సాయంత్రం పోస్తే రాత్రంతా తడి నిలిచి కుళ్ళుకు దారి తీస్తుంది. మొలక కనిపించగానే పైన కప్పిన కొబ్బరాకు తీసేయండి, లేకపోతే కాడలు పొడుగ్గా సాగుతాయి.

టమాటా నారు 25 నుంచి 30 రోజులకు, వంగ 30 నుంచి 35కు, మిరప ఆరు వారాలకు నాటుకొస్తుంది. రెండు నిజమైన ఆకులు వచ్చాక ఆకులు లేత పసుపుగా ఉంటే, ఒక చెంబుడు కంపోస్ట్‌ను బకెట్ నీళ్లలో ఒక రోజు నానబెట్టి, వడకట్టి, లేత టీ రంగుకు పలచన చేసి వారానికోసారి మొదట్లో పోయండి. ఆకులు ముదురాకుపచ్చగా ఉంటే ఏమీ పోయొద్దు. మరీ ఏపుగా పెరిగిన నారు చూడటానికి బాగుంటుంది, నాటాక మాత్రం వాడిపోతుంది. పొట్టిగా, కాడ లావుగా, కొంచెం మొండిగా ఉన్న నారే పొలంలో నిలబడుతుంది. కడియం నర్సరీల్లో కొనేటప్పుడు కూడా నేను చూసేది అదే.

మిగిలిన కంపోస్ట్‌ను గోనె సంచుల్లో, నేలకు తగలకుండా బల్ల మీద, నీడలో పెట్టండి. ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి పెడితే గాలి ఆడక పులిసిపోతుంది. నెలకోసారి గుప్పెడు నీళ్లు చిలకరిస్తే సెప్టెంబర్ నారుకు పనికొస్తుంది, కాకపోతే అప్పుడు మళ్లీ ఒకసారి ఆవాలు చల్లి చూడాలి. జల్లెడ మీద మిగిలిన నార, పుల్లలు, అరటి చుట్టలు పారేయకండి, కొత్త కుప్పలో తోడుకు అవే వేస్తాను.